సీటు కవర్లు కుట్టిన చేతులు

గుడారమో, వీపుకి తగిలించుకునే కాన్వాసు సంచో, కారు సీటో కుట్టాలంటే జాకెట్లు కుట్టే ఇంటి మిషను చాలదని కుట్టుపని తెలిసిన ఏ స్త్రీనడిగినా చెప్తుంది. ఇంటి మిషనులో గుడ్డని నడిపించేవి కింది పళ్ళు మాత్రమే. రెక్సిను, దాని కింద స్పాంజి, మళ్ళీ గుడ్డ, ఇలా పొరలు చేరేసరికి కింది పొర ముందుకు పోతుంది, పై పొర వెనకబడుతుంది. కుట్టు వంకర పోతుంది. అందుకే పై పాదం కూడా గుడ్డతో పాటు అడుగు వేసే ‘వాకింగ్ ఫుట్’ మిషను కావాలి. 14 నంబరు సూది బదులు 18 నంబరుదో, ఇంకా లావుదో కావాలి. దారం గట్టిది కావాలి, ఆ దారానికి తగ్గట్టు బిగువు సరిచేసుకోవాలి. మిషను ఎంపికలో ఇంత తెలివిడి ఉందని అందరూ ఒప్పుకుంటారు. దాని ముందు కూర్చున్న మనిషి దగ్గరికొచ్చేసరికే పేచీ.

ఆ పేచీ చరిత్రకెక్కింది 1968లో, లండన్ శివారు డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో. అక్కడ సీటు కవర్లు కుట్టే స్త్రీలు 187 మంది. మిషను మీద పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళనే పనిలోకి తీసుకునేవారు. తీసుకున్నాక మాత్రం వాళ్ళ పనిని నైపుణ్యం అక్కర్లేని ‘బి’ గ్రేడులో వేశారు. పైగా అదే గ్రేడు మగవాళ్ళకిచ్చే దాంట్లో 85 శాతమే జీతం. తమది ‘సి’ గ్రేడు పని అన్నది వాళ్ళ అసలు డిమాండు. జూన్ 7న మిషన్లు ఆపేశారు. సీట్లు లేని కారు ఎవరు కొంటారు? మూడు వారాల్లో ఉత్పత్తి స్తంభించింది. మంత్రి బార్బరా కాజిల్ వాళ్ళని పిలిచి మాట్లాడాక జీతం 92 శాతానికి పెరిగింది. గ్రేడు మారలేదు.

1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం వచ్చింది. 2010లో ఈ సమ్మె మీద వచ్చిన సినిమా దాన్ని పండగలా చూపించింది. సమ్మె చేసినవాళ్ళలో కొందరు మాత్రం తాము అడిగింది దక్కలేదనే తర్వాత కూడా చెప్తూ వచ్చారు. వాళ్ళ మాటే నాకు సరైనదనిపిస్తుంది. ఆ చట్టం ఒకే రకం పనిని, లేదా యాజమాన్యం తన లెక్కల్లో సమానమని తేల్చిన పనిని మాత్రమే గుర్తించింది. సీటు కవర్లు కుట్టేది స్త్రీలే. లెక్క కట్టింది యాజమాన్యమే. ఇక పోలిక ఎవరితో? ‘సమాన విలువ గల పని’ అన్న మాట చట్టంలో చేరి 1984 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది చివర మళ్ళీ వారాల తరబడి సమ్మె చేస్తే గానీ ‘సి’ గ్రేడు రాలేదు.

నైపుణ్యమనేది పనిలో ఉండే గుణం కన్నా, ఆ పని ఎవరు చేస్తున్నారన్న దాన్ని బట్టి అంటించే చీటీ అని ఆన్ ఫిలిప్స్, బార్బరా టేలర్ 1980లో ఫెమినిస్ట్ రివ్యూలో వాదించారు. ఆడపిల్ల ఇంట్లో తల్లి దగ్గర నేర్చుకున్నది శిక్షణ కింద జమ కాదు. మన పెళ్ళిచూపుల్లో ‘అమ్మాయికి కుట్లూ అల్లికలూ వచ్చా?’ అని అడిగినప్పుడు అదొక అర్హత. కూలి కట్టేటప్పుడు అదే పుట్టుకతో వచ్చిన గుణమైపోతుంది.

సమాన విలువ గల పనికి సమాన వేతనమన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికని మన దేశం 1958లోనే ఆమోదించింది. 1976 నాటి మన సమాన వేతన చట్టం మాత్రం ‘అదే పని, లేదా ఆ తరహా పని’ దగ్గరే ఆగింది. 2019 వేతనాల కోడ్ కూడా ఆ మాటనే ఉంచింది. సంచులూ టార్పాలిన్లూ కుట్టే షెడ్డులో మిషన్ల ముందు ఉన్నవాళ్ళంతా స్త్రీలే అయితే, ఎవరి కూలితో పోల్చి అడగాలో అందులో లేదు.