వైద్యుడన్న పేరు ఎవరిది?

తెలుగు పల్లెల్లో వైద్యుడన్న పేరు చాలాకాలం ఊరు పెట్టిందే కానీ సర్కారు ఇచ్చింది కాదు. తాతల నాటి తాళపత్రాలు, అరిగిన కల్వం, దూలానికి వేలాడే మూలికల మూటలు ఉంటే చాలు, అంతకు మించి ఆధారం అడిగేవారు లేరు. జనం చూసేది హస్తవాసి. ఒకే చూర్ణం ఒకరి చేతి మీదుగా తీసుకుంటే గుణమిస్తుందని, మరొకరి చేతి మీదుగా ఇవ్వదని నమ్మేవారు. కురుపులు కోయడం మంగలి పని, పురుడు పోసే మంత్రసాని చాలా ఊళ్లలో ఆ ఇంటి ఆడమనిషే. వీళ్లు లేనిదే ఊరికి గడిచేది కాదు, అయినా వైద్యుడన్న గౌరవం మాత్రం వీళ్లకు దక్కలేదు.

దొంగ వైద్యుల బెడద పాతదే. చరక సంహిత వాళ్లను రెండు రకాలుగా చెబుతుంది. మందుల పాత్రలూ పుస్తకాలూ ముందు పరుచుకుని పెద్దమనుషుల్లా చూపు చూసేవాళ్లు ఒక రకం, పేరున్న వైద్యుల పేరు చెప్పుకుని బతికేవాళ్లు రెండో రకం. సుశ్రుత సంహిత అయితే వైద్యానికి దిగే ముందు రాజు అనుమతి ఉండాలంటుంది. ఆ అనుమతి ఊరూరా అడిగారని అనుకోవడం కష్టం. రాజులు వైద్యులను పోషించిన దాఖలాలు మాత్రం ఉన్నాయి. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ఆరోగ్యశాల, ప్రసూతిశాలల ప్రస్తావన తెస్తుంది.

అసలు మలుపు రిజిస్టరుతో వచ్చింది. 1914 నాటి మద్రాసు వైద్య రిజిస్ట్రేషన్ చట్టం పాశ్చాత్య వైద్యం చదివినవారికే చోటిచ్చింది. ఆయుర్వేద పండితుడు మందివ్వడాన్ని అది ఆపలేదు, కానీ చట్టం దృష్టిలో అతని సంతకానికి విలువ లేదు. అవమానం అక్కడ ఉంది. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి ఆయుర్వేదాశ్రమం నడిపిన దీవి గోపాలాచార్యులు వంటివారు దేశీయ వైద్యానికి చదువూ గుర్తింపూ రెండూ కావాలని పట్టుబట్టిన కాలమది. 1921లో ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన సంఘాన్ని వేసింది. కార్యదర్శి శ్రీనివాసమూర్తి స్వయంగా ఇంగ్లీషు వైద్యం చదివినవాడు. వైద్యుల సాక్ష్యాలను సంఘం తెలుగు సహా పలు భాషల్లో రాతపూర్వకంగా సేకరించి 1923లో నివేదిక ఇచ్చింది. తర్వాత మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల వెలిసింది. అలా వంశం స్థానంలో పరీక్ష వచ్చి కూర్చుంది.

1970 నాటి భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం డిగ్రీని దేశమంతటికీ కొలబద్ద చేసింది. అప్పటికే రిజిస్టర్లకెక్కినవారి హక్కులను మాత్రం ముట్టుకోలేదు. వాళ్లతోనే ఆ తరం ముగిసింది. తండ్రి దగ్గర నేర్చిన విద్య ఒక్కటే ఆధారంగా, గుర్తింపు పొందిన అర్హత లేకుండా వైద్యం చేయడం కుదరదని కేరళ పారంపర్య వైద్యుల కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

అయినా విద్య ఆగలేదు, పేర్లే మారాయి. పుత్తూరులో ఆకు మందు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో ఎముకలకు వేసే కట్టు ఊరి పేరు మీదే చలామణీ అవుతోంది. రిజిస్టరులో పేరు లేనివాణ్ణే పల్లె ఆర్‌ఎంపీ అంటుంది, ఆ అక్షరాల్లో మొదటిది రిజిస్టర్డ్ అన్న మాటకే! హైదరాబాదులో మృగశిర కార్తె నాటి చేపమందు, హేతువాదుల అభ్యంతరాల తర్వాత, చేప ప్రసాదమైంది. కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టి ఉబ్బసం రోగి చేత మింగించే పద్ధతి మాత్రం అదే.