సరిహద్దు, రహదారి: భారతదేశంలో విదేశీ కార్ల దిగుమతి నిబంధనల చరిత్ర

వ్యాససంగ్రహం

విదేశాలలో తయారైన కారును చట్టబద్ధంగా భారతదేశానికి తెచ్చి రోడ్డుపై నడపడానికి వర్తించే నిబంధనల పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1949 నాటి నిషేధానికి కారణం పారిశ్రామిక రక్షణ, విదేశీ మారకద్రవ్య కొరత. 2001లో ఆ నిషేధాన్ని కొనసాగించే అవకాశం పోయిన తరువాత, అదే లక్ష్యం రహదారి భద్రతకు సంబంధించిన పరిభాషలోకి మారింది. ఈ మార్పు ప్రభావం తిరిగివచ్చే ప్రవాసుల వంటి సామాన్య దిగుమతిదారులపై ఎలా పడిందో వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: దిగుమతి విధానం, కస్టమ్స్ సుంకం, మోటారు వాహనాల చట్టం, పరిమాణాత్మక ఆంక్షలు, ప్రవాసులు

1. ఉపోద్ఘాతం

విదేశంలో కొన్న కారు స్వదేశపు రోడ్డెక్కాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది సరిహద్దు; అక్కడ కస్టమ్స్ చట్టం, విదేశీ వాణిజ్య విధానం అమలులో ఉంటాయి. రెండవది రహదారి, అక్కడ మోటారు వాహనాల చట్టానిది అధికారం. సరిహద్దు వద్ద దేశ ఆర్థిక ప్రయోజనాన్ని, రహదారి వద్ద ప్రజల భద్రతను పరిశీలించడం సహజం. అయితే భారతదేశ చరిత్రలో ఈ రెండు గడపల మధ్య హద్దు క్రమంగా చెరిగిపోయింది. రహదారికి సంబంధించినవిగా కనిపించే షరతులు సరిహద్దు పనిని చేయసాగాయి. ఆ పరిణామాన్ని గుర్తించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. వలసపాలన కాలం: ఆదాయమే ప్రధానం

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో భారతదేశంలో నడిచిన కార్లన్నీ దిగుమతి అయినవే. వాటిపై విధించిన సుంకం ప్రభుత్వానికి ప్రధానంగా ఆదాయ మార్గం. స్వదేశీ సంస్థానాలలో పరిస్థితి కొంత భిన్నం. హైదరాబాదు రాజ్యానికి కరోడ్‌గిరి అనే సొంత సుంకాల శాఖ ఉండేది. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్య సంధి ఆ సుంకాన్ని విలువలో 5 శాతానికి పరిమితం చేసింది. 1911లో మరణించిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండు నుంచి తెప్పించదలచిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన వారసుని కాలంలో హైదరాబాదు చేరింది. సింహాసనం వంటి ఆసనంతో రూపొందిన ఆ వాహనం నాటి విదేశీ కారు స్థానాన్ని తెలుపుతుంది. అది ప్రయాణ సాధనంగా కన్నా రాజచిహ్నంగానే ఎక్కువ మన్నన పొందింది.

1928లో జనరల్ మోటార్స్ సంస్థ బొంబాయిలో, కొద్ది కాలానికే ఫోర్డ్ సంస్థ మద్రాసు తదితర నగరాలలో, విడిభాగాలను తెచ్చి కార్లను కూర్చడం మొదలుపెట్టాయి. 1942లో హిందుస్థాన్ మోటార్స్, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపితమయ్యాయి. దేశీయ పరిశ్రమ అనే భావన రూపుదిద్దుకోవడంతో దిగుమతి కారు పోటీదారుగా కనిపించసాగింది.

3. 1949–1991: నిషేధమూ సందుదారులూ

1947 నాటి దిగుమతులు, ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రభుత్వానికి విస్తృతాధికారాలిచ్చింది. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని నిలిపివేశారు. ఆ తరువాత టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసులను అనుసరించి 1953లో, దేశంలో తయారీకి నిర్దిష్ట ప్రణాళిక ఉన్న సంస్థలకే కొనసాగే అవకాశం కల్పించారు. కేవలం కూర్పుకు పరిమితమైన జనరల్ మోటార్స్, ఫోర్డ్ నిష్క్రమించాయి. ఆపై నాలుగు దశకాలు భారతీయ రహదారిని ఏలిన అంబాసిడర్, ప్రీమియర్ కార్లు కూడా మూలంలో ఇంగ్లండు, ఇటలీ దేశాల నమూనాలే. నిషేధం విదేశీ వాహనానికే గాని విదేశీ నమూనాకు వర్తించలేదని దీనివల్ల స్పష్టమవుతుంది.

నిషేధమున్నా దారులు పూర్తిగా మూతపడలేదు. దౌత్య కార్యాలయాల వారు తెచ్చుకున్న కార్లు, వారి వాడకం ముగిశాక, 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడయ్యేవి. విదేశాలలో నివసించి శాశ్వతంగా తిరిగివచ్చేవారు ప్రత్యేక అనుమతితో, పూర్తి సుంకం చెల్లించి తమ కారును తెచ్చుకోగలిగేవారు. అంటే ఆనాటి చట్టం అడిగిన ప్రశ్న కారు ఎంత సురక్షితమైనదని కాదు. దానిని తెచ్చేవారు ఎవరు, అందుకు దేశపు విదేశీ మారకద్రవ్యం ఖర్చయిందా అన్నది. నిషేధం కఠినమైనదే అయినా తన కారణాన్ని దాచుకోలేదు.

4. 2001: నిషేధానికి కొత్త రూపం

1991 సంస్కరణల తరువాత 1993లో కార్ల పరిశ్రమను లైసెన్సుల నుంచి విడిపించినా, తయారైన కారు దిగుమతిపై ఆంక్షలు కొనసాగాయి. విదేశీ చెల్లింపుల సమతౌల్యం దెబ్బతింటుందన్న కారణంతో భారతదేశం 2,700కు పైగా సుంక పద్దులపై పరిమాణాత్మక ఆంక్షలు అమలు చేస్తున్నదని అమెరికా 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించింది. 1999లో తీర్పు భారతదేశానికి వ్యతిరేకంగా వచ్చింది. ఒప్పందం ప్రకారం 2001 ఏప్రిల్ 1 నాటికి ఆంక్షలన్నీ తొలగిపోవాలి. చివరి విడతగా తొలగించిన 715 పద్దులలో కార్లు కూడా ఉన్నాయి.

పాత కార్లు ఓడల కొద్దీ దిగుతాయన్న భయం అప్పటికే పరిశ్రమ వర్గాలలో వ్యాపించింది. 2001–02 బడ్జెట్టులో పాత కార్లపై ప్రాథమిక సుంకాన్ని 105 శాతానికి, కొత్త కార్లపై 60 శాతానికి పెంచారు. దానితో పాటు విదేశీ వాణిజ్య విధానంలో కొత్త షరతులు వచ్చాయి. పాత కారు వయస్సు మూడేళ్లు మించరాదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో వేగం చూపాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రాకపోకలకు అనువుగా ఉండాలి. దిగుమతి అయిన నాటి నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డుపై నడిచే యోగ్యత ఉండాలి. పాత కారు ముంబయి ఓడరేవులో మాత్రమే దిగాలి. ఆపైన పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి పరీక్షా సంస్థల ఆమోదం పొందాలి.

5. షరతుల అంతరార్థం

ఈ షరతులలో కొన్నింటికి భద్రతాపరమైన హేతువు కాదనలేనిది. ఎదుటి డ్రైవరు కళ్లు చెదరగొట్టే హెడ్‌లైటు ఏ దేశంలోనైనా ప్రమాదకరమే. అయితే అన్నింటినీ ఆ కోణంలో సమర్థించడం కష్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 120వ సెక్షను ఎడమవైపు స్టీరింగు ఉన్న వాహనాన్ని పూర్తిగా నిషేధించలేదు. నిర్దేశిత సంకేత పరికరం పనిచేసే స్థితిలో ఉంటే దానిని బహిరంగ ప్రదేశంలో నడపవచ్చునన్నది. రహదారి చట్టం షరతుతో అంగీకరించిన దానిని దిగుమతి విధానం తిరస్కరించింది. ఓడరేవును ఒక్కదానికే పరిమితం చేయడానికి, కారు భద్రతకు ఉన్న సంబంధం మరింత పలుచనిది.

వయోపరిమితి విషయం ఇంకా ఆసక్తికరం. కుడివైపు స్టీరింగు నిబంధన వల్ల అమెరికా, గల్ఫ్, ఐరోపా ప్రధాన భూభాగపు కార్లు ఆగిపోతాయి. జపాన్ కార్లు ఆగవు. అక్కడ కూడా వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. జపాన్‌లో కొత్త కారుకు తొలి నిర్బంధ తనిఖీ మూడేళ్లకు వస్తుంది. ఆ తనిఖీల ఖర్చు కారు మార్చుకోవడానికి అక్కడ ఒక ప్రధాన ప్రేరణ. అందువల్ల మూడేళ్లలోపు అనే గీత జపాన్ పాత కార్ల ఎగుమతిలో అధికభాగాన్ని బయటే నిలుపుతుంది. 1980ల చివర పాత జపాన్ కార్లకు తలుపులు తెరచిన న్యూజీలాండ్‌లో 1998 నాటికి కార్ల కూర్పు కర్మాగారాలు మూతపడ్డాయి. సుంకాల తగ్గింపు కూడా ఇందుకు కారణమే. ఈ అనుభవాన్ని చూస్తే పరిశ్రమ వర్గాల భయం నిరాధారమని చెప్పలేము. కాని ఆ భయం ఉపాధికి, పరిశ్రమకు సంబంధించినది. దానిని భద్రత పేరుతో చెప్పడంలోనే అసలు చిక్కు ఉన్నది.

ఈ నిబంధనల ఫలితం తెలుగు ప్రాంతాల వలసలతో నేరుగా ముడిపడి ఉన్నది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు, ఇతర జిల్లాల నుంచి అమెరికాకు వెళ్లినవారు అక్కడ వాడే కార్లు ఎడమవైపు స్టీరింగువే. తిరిగివచ్చే ప్రవాసికి చట్టంలో దిగుమతి అవకాశం ఉన్నా, ఆచరణలో అది అతని కారుకు వర్తించదు. బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చేవారికి తలుపు కొంత తెరిచి ఉంటుంది. అయితే సుంకం కారు ధరను మించిపోతుంది.

6. మినహాయింపు, సమానత్వం

అంతర్జాతీయ పోటీలో బహుమతిగా కారు పొందిన భారతీయునికి విదేశీ వాణిజ్య విధానం సుంకం చెల్లింపుపై దిగుమతి అవకాశమిచ్చింది. బ్రాడ్‌మన్ 29 శతకాల రికార్డును 2002లో సమం చేసిన సచిన్ తెందూల్కర్‌కు ఫెరారీ కారు బహూకృతమైనప్పుడు, సుంకాన్ని కూడా మినహాయించాలని కేంద్రం 2003లో నిర్ణయించింది. దానిపై విమర్శలు వచ్చాయి, ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. చివరకు ఆ సుంకాన్ని ఫియట్ సంస్థ చెల్లించింది. ప్రజలు ప్రశ్నించినది క్రీడాకారుని ప్రతిభను కాదు. సాధారణ పౌరునికి వర్తించే సుంకం ప్రముఖునికి ఎందుకు వర్తించదన్న అంశాన్ని.

సుంకం చెల్లించాక కూడా భారం ముగియలేదు. 1996లో ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు స్థానిక ప్రాంతాలలోకి వచ్చే మోటారు వాహనాలపై ప్రవేశ పన్ను చట్టాలు కలిగి ఉన్నాయి. దిగుమతి కారుపై ఆ పన్ను చెల్లదన్న వాదనను 2017 అక్టోబరులో, కేరళకు సంబంధించిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కస్టమ్స్ సరిహద్దు దాటాక కారు స్థానిక ప్రాంతంలో ప్రవేశించడం వేరే ఘటన అన్నది ఆ తీర్పు సారం. అప్పటికి జీఎస్టీ అమలులోకి వచ్చినా, పాత బకాయిలపై ఆ తీర్పు ప్రభావం నిలిచింది.

7. ముగింపు

2018లో కేంద్రం ఒక సడలింపు ప్రకటించింది. గుర్తింపు పొందిన అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడిన, కుడివైపు స్టీరింగు గల కార్లను ఏటా 2,500 వరకు దేశంలో మళ్లీ నమూనా పరీక్ష లేకుండా దిగుమతి చేసుకోవచ్చునన్నది. ఇది తయారీ సంస్థలను, వాటి ప్రతినిధులను ఉద్దేశించినది. విదేశీ పరీక్ష నమ్మదగినదేనని ప్రభుత్వమే దీనితో అంగీకరించింది. అయినా అంగీకారానికి ఒక సంఖ్య నిర్ణయించింది. 2,500వ కారు సురక్షితమైతే 2,501వ కారు ఎందుకు కాదన్న ప్రశ్నకు రహదారి వద్ద సమాధానం దొరకదు. అది సరిహద్దు వద్దనే దొరుకుతుంది.

దేశీయ పరిశ్రమను కాపాడుకునే హక్కు ప్రభుత్వానికి ఉన్నది. 1949 నాటి ప్రభుత్వం ఆ మాటను సూటిగా చెప్పింది. కనుక దానిని సూటిగా విమర్శించడమూ సాధ్యమయింది. 2001 తరువాత అదే ఉద్దేశం సాంకేతిక షరతుల మాటున నిలవడంతో, ఏ షరతు ప్రాణరక్షణకు, ఏ షరతు వ్యాపార రక్షణకు అన్నది పౌరునికి తెలియకుండా పోయింది. ఈ నిబంధనలను చదివే పరిశోధకుడు మొదట చేయవలసిన పని ఈ రెండింటినీ విడదీసి చూడటమే.