వనదేవతకు సర్కారు వందనం

మొన్న ఉగాదినాడు మన సంఘంలో పచ్చడి పంచి, భోజనాలు ముగించి నలుగురం కూర్చున్నప్పుడు ఏటేటా వచ్చే మాటే మళ్ళీ వచ్చింది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం గదా, మన మలేషియాలో ఆ పట్టికలో ఉగాది ఎందుకు లేదు అని. "సర్కారు గుర్తింపు వస్తేనే పిల్లల కాలానికి పండుగ నిలుస్తుంది" అన్నారు ఒక పెద్దాయన. "గుర్తింపు వచ్చిన పండుగ ఇక మన చేతిలో ఉండదు" అన్నారు మరొకరు. ఇద్దరూ అనుభవం గలవారే. ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి మన మాతృదేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. అది మేడారం జాతర. అయితే అక్కడ అల్పసంఖ్యాకులు మనం కాదు, కోయవారు. గుర్తింపు ఇచ్చింది తెలుగు మాట్లాడే ప్రభుత్వం. అందువల్ల ఆ కథ మనం రెండు వైపుల నుంచీ చూడవలసి ఉన్నది.

మేడారం పూర్వపు వరంగల్లు జిల్లాలో, నేటి ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, అడవి నడుమ ఉన్న చిన్న పల్లె. జాతర వెనుక కథ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో మేడారాన్ని కోయదొర పగిడిద్దరాజు ఏలుతున్నాడు. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయాడు. ఓరుగల్లు సేన కదిలి వచ్చింది. పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు. అప్పటి నుంచి అది జంపన్న వాగు అయింది. భార్య సమ్మక్క గాయాలతో పోరాడుతూ చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. వెతకబోయిన వారికి దొరికింది ఒక కుంకుమ భరిణె మాత్రమే. చెప్పేవారిని బట్టి ఈ కథలో వివరాలు కొంత మారతాయి గాని, సారం మారదు. కట్టలేని కప్పం అడిగిన రాజ్యాన్ని ఎదిరించిన ఒక కుటుంబం కథ ఇది.

జాతర రెండేళ్ళకొకసారి, మాఘ శుద్ధ పౌర్ణమి రోజులలో జరుగుతుంది. గుడిమెలిగె, మండమెలిగె అనే ముందస్తు తంతులు నడిచిన తరువాత, బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుకుంటారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, శనివారం దేవతల వనప్రవేశం. విగ్రహం లేదు, వేదమంత్రం లేదు. కుంకుమ భరిణె, వెదురు, గద్దె, అంతే. పూజారులు కోయవారే. నైవేద్యం బెల్లం. దానిని అక్కడ 'బంగారం' అంటారు. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూగే బెల్లం తెచ్చి సమర్పిస్తారు.

1996లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా ఆ హోదా సాగుతున్నది. ఆ హోదాతో వచ్చిన మేలు చిన్నది కాదు. ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి వచ్చిన తావుకు నేడు వేలాది ఆర్టీసీ బస్సులు నడుస్తున్నాయి. రోడ్లు, మంచినీరు, వైద్య శిబిరాలు, విద్యుద్దీపాలు వచ్చాయి. స్నానాల కోసం లక్నవరం చెరువు నీటిని జంపన్న వాగుకు వదులుతారు. కోయవారి దేవతల పేరిట ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఒకప్పుడు 'అడవి మనుషుల జాతర' అని చులకన చేసిన వారే ఇప్పుడు మొక్కు తీర్చుకోవడానికి వరసలో నిలబడుతున్నారు. ఈ గౌరవం కోయ పిల్లలకు ఎంత ధైర్యమిస్తుందో పరాయి దేశంలో పిల్లలను పెంచిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక రెండో వైపు చూద్దాం. ప్రభుత్వ లెక్కల ప్రకారం జాతరకు వచ్చేవారు కోటి దాటారు. అంతమందిలో కోయవారు ఎంత భాగం ఉండగలరు? తమ ఊరి పండుగలో తామే కొద్దిమంది అయిపోయారు. హుండీలు దేవాదాయ శాఖ అధీనంలో ఉన్నాయి. జాతర ముగియగానే వాటికి ముద్రలు వేసి హనుమకొండ తీసుకువెళ్ళి రోజుల తరబడి లెక్కిస్తారు. పూజారులకు అందులో వాటా ఉన్నది గాని, తాళం చెవి వారి చేతిలో లేదు. జాతర పాలకవర్గాన్ని ప్రభుత్వమే నియమిస్తుంది. దాని పెత్తనం ఆదివాసీలకే అప్పగించాలని వారి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలో ఉన్న ఆ నేల మీద నాలుగు రోజుల జనసమ్మర్దం మిగిల్చే చెత్తను తరువాత నెలల తరబడి భరించేది అక్కడి పల్లెలే.

సమ్మక్క చిలకలగుట్ట దిగే వేళ జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి ప్రభుత్వ లాంఛనంగా స్వాగతం పలుకుతారు. నాడు రాజ్యం ఆయుధం ఎత్తింది ఆ తల్లి మీద. నేడు అదే రాజ్యం ఆ తల్లికి తుపాకితో వందనం చేస్తున్నది. ఇది ప్రాయశ్చిత్తమని కొందరు సంతోషించవచ్చు. రాజ్యాన్ని ఎదిరించిన దేవతను రాజ్యం తన ఊరేగింపులో కలుపుకున్నదని మరికొందరు అనవచ్చు. నా మటుకు నాకు రెండూ కొంత కొంత నిజమే అనిపిస్తుంది.

అయినా ఒక సంగతి మరువరాదు. ఇన్నేళ్ళ సర్కారు హోదా తరువాత కూడా చిలకలగుట్ట మీద జరిగే తంతు కోయ పూజారుల రహస్యంగానే ఉన్నది. కలెక్టరైనా, మంత్రి అయినా గుట్ట కింద ఎదురుచూడవలసిందే. అమ్మ ఎప్పుడు కదలాలో నిర్ణయించేది పూజారే. 2025లో గద్దెల ప్రాంగణాన్ని రాతితో పునర్నిర్మించే పని చేపట్టినప్పుడు కూడా, పూజారులను సంప్రదించే చేస్తున్నామని ప్రభుత్వం చెప్పుకోవలసి వచ్చింది. అలా చెప్పుకోవలసి రావడమే కోయవారి బలం. ఆ బలం హోదా ఇచ్చింది కాదు, వారు వదలకుండా పట్టుకున్నది.

ఇక్కడ మరొక విషయం గమనార్హం. జాతర రాష్ట్ర పండుగ అయిన 1996లోనే, డిసెంబరు నెలలో, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం వచ్చింది. తమ ఆచారాలను, సంప్రదాయాలను, సాంస్కృతిక ప్రత్యేకతను కాపాడుకునే అధికారం గ్రామసభదే అని ఆ చట్టం చెబుతున్నది. మేడారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊరే. ఒకే ఏడాది రెండు కాగితాలు వచ్చాయన్నమాట. ఒకటి పండుగకు పేరు ఇచ్చింది, రెండవది పండుగ చేసుకునేవారికి మాట ఇచ్చింది. మొదటి దాని గురించి పత్రికలన్నీ వ్రాస్తాయి. రెండవ దాని గురించి ఎవరో ఒకరు పనిగట్టుకుని అడిగితే తప్ప వినబడదు.

కథను మోసేవారి మాట కూడా చెప్పుకోవాలి. కోయవారిలో వంశచరిత్రలు బొమ్మలుగా ఉండే గుడ్డ 'పడిగె'ను నిలిపి, డోలి వాయిస్తూ, గాథ పాడే కళాకారులున్నారు. సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పతకం ఇంట్లో మిగిలింది. పాట మిగలాలంటే నేర్చుకునే పిల్లవాడు ఉండాలి. ఆ పిల్లవాడిని ఏ ప్రభుత్వ ఉత్తరువూ తయారుచేయలేదు.

మన ఉగాది సంగతికి వస్తాను. సెలవు కోసం అర్జీ పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టుకుందాం. కాని పెట్టే ముందు మేడారం పూజారులను తలచుకుని ఒక జాబితా వ్రాసుకుందాం. ఏ పనులు సర్కారువారు చేస్తే సంతోషం, ఏవి మన చేతిలోనే ఉండాలి అని. రోడ్డు, మైదానం, సెలవు వారివ్వవచ్చు. పంచాంగం ఎవరు చదవాలి, పచ్చడి ఏ ఇంటి పద్ధతిలో కలపాలి, పిల్లలకు తెలుగు అక్షరాలు ఎవరు దిద్దించాలి అన్నవి మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గానికి నా మనవి. అలాగే, మనం ఇక్కడ కోరుకునే మన్నన అక్కడ కోయవారికి దక్కుతున్నదా అని స్వదేశం వెళ్ళినప్పుడు మనవాళ్ళను అడగవలసిన బాధ్యత కూడా మనకున్నదని విన్నవించుకుంటున్నాను.