నేరం డ్రైవరుది కాదు

నా పాత లాప్‌టాప్ స్క్రీను మీద గీతలొచ్చి మాటిమాటికీ ఆగిపోతుంటే, సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు డ్రైవరునే అనుమానించా. డ్రైవరు మార్చా, విండోస్ మళ్ళీ ఎక్కించా. ఆ హడావుడిలో నాన్న ఫొటోలున్న పార్టిషన్ కూడా ఫార్మాట్ చేసేశా. గీతలు మాత్రం పోలేదు! బయోస్‌లోకి వెళ్ళినా అవే, బయటి మానిటర్ తగిలించినా అవే. బయోస్‌లో విండోస్ డ్రైవరు పనే లేదు కదా.. ఆ ముక్క ముందే తట్టాల్సింది.

ఏ కంపెనీదన్నది వదిలేద్దాం. ఇలాంటి జబ్బుకి మాత్రం పెద్ద చరిత్రే ఉంది. తమ పాత తరం లాప్‌టాప్ చిప్‌లు కొన్ని ఎక్కువగా పాడవుతున్నాయని 2008 జులైలో ఎన్విడియా ఒప్పుకుంది. రిపేర్లకీ, మార్చి ఇవ్వడానికీ 15 నుంచి 20 కోట్ల డాలర్లు లెక్కలో చూపిస్తామంది. చెప్పిన కారణం, చిప్ ప్యాకేజింగ్‌లో వాడిన పదార్థాల బలహీనత. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ సిలికాన్ ఒకలా, దాని కింది పలక ఇంకోలా సాగి ముడుచుకుంటాయి. మధ్యలో నలిగేవి సన్నటి సోల్డర్ బొట్లు. అవి చిట్లితే అంతే సంగతులు.

అప్పుడు డెల్, హెచ్‌పీ ఏం చేశాయి? ఫ్యాన్ ఎక్కువసేపు తిరిగేలా బయోస్ అప్‌డేట్లు ఇచ్చాయి. దాంతో వేడి తగ్గుతుందేమో గానీ, చిట్లింది అతుక్కోదు. మన కోడ్‌కీ ఒక హద్దుంది మరి.

మీకూ గీతలొస్తే ముందు ఫొటోలు కాపీ చేసుకోండి, తర్వాత బయోస్ చూడండి. ఫార్మాట్ సంగతి ఆఖర్న. నాన్న ఫొటోలు నాకెలాగూ తిరిగి రావు.