మొదటి పెట్టె

1839వ సంవత్సరమున లండను నగరమందు ఛార్లెస్ నైట్ అను ప్రచురణకర్త వడ్రంగమును గూర్చిన చిన్న పుస్తకము నొకదానిని వెలువరించెను. దానిపై రచయిత పేరు లేదు. ఒక్క పెన్నీ వెలకు వారపత్రికను 1832 నుండి సామాన్య జనులకందించిన నైటే యీతడు. పనిముట్ల పేరులు తెలిసికొనగోరి మేమా పుస్తకమును తెరచితిమి. చూడగా నది కథ! థామస్ అను బాలుడు పల్లెటూరి పట్టణమున నొక వడ్రంగి కొట్టులో శిష్యుడుగా చేరుటయు, క్రమముగా మూడు వస్తువులు చేయ నేర్చుటయు నందలి విషయము.

ఇంగ్లండులో ఏడేండ్లు శిష్యరికము చేయనివాడు వృత్తి చేయరాదని 1563లో శాసన మేర్పడెను. ఆ నిబంధనను 1814లో కొట్టివేసిరి. గురువు కొట్టు గోడలలోపల దాగియుండిన విద్య కాగితము మీదికి వచ్చుటకు ఆ మార్పును కొంత తోడ్పడెనని మా తలంపు.

థామసు మొదట చేసినది మేకులతో బిగించిన మోటు పెట్టె. సామాను కట్టి పంపుటకే యది. దానికి సొగసు అక్కరలేదు. అయినను తొలిపనిగా దానిని నిర్ణయించుటలో నెంతయో వివేకము గలదు. పీట చేసినవాని తప్పు పీటక్రింద దాగును. పెట్టె దేనిని దాచదు. మొదటి పలక కొసను మూలమట్టమునకు సరిగా కోయనిచో, ఆ వెంట్రుకవాసి వంకర నాలుగవ మూలకు చేరునప్పటికి వ్రేలు దూరు సందగును. రంపము గీత వెలుపల నడువవలెను. మిగిలిన పిసరును చిత్రికతో తీయవలెను. చిత్రికను పలక కొసపై ఒకే దిక్కున చివరిదాక నడిపినచో ఆవలి యంచు చిట్లును గనుక రెండు వైపులనుండి నడిమికి త్రోయవలెను. మేకు కొట్టుటకు ముందు సన్నని బెజ్జము వేయవలెను. ఆనాటి మేకులు ఇనుప రేకునుండి కత్తిరించినవి. రెండు ప్రక్కల చీలవలె సన్నగిలుచుండెడివి. ఆ చీలవాటము కొయ్య నరమునకు అడ్డముగా పడెనా, పలక నిలువున పగులును. నరము వెంబడి పడినచో పట్టు దృఢమగును. ఇంత చిన్న సంగతిని వ్రాసి చెప్పినవారు మా చదువులో అరుదు.

రెండవది పాఠశాలకు పోవు బాలునికి పెట్టె. దీని మూలలకు మేకులు లేవు. పావురము తోకవలె మొదట సన్నమై కొసకు విరివియగు పళ్లను ఒక పలకకు కోసి, వానికి సరియగు గాళ్లను రెండవ పలకకు తొలిచి, సరేసు పూసి దిగగొట్టుదురు. ఇంకొకటి గమనింపుడు: కొయ్య వానకాలమున అడ్డముగా ఉబ్బునుగాని పొడుగున పెరుగదు. నాలుగు ప్రక్కలకును నరము ఒకే దిక్కున చుట్టి వచ్చినచో నాలుగును కలిసి ఉబ్బును, కలిసి తగ్గును. మూడవదియగు సొరుగుల బీరువా మాటకు మేము పోము. అది మా శక్తికి మించినది.

మన యిండ్లలో భోషాణములు లేకపోలేదు. వానిని చేసిన వడ్రంగికి కళ్లమున మేర కొలిచి యిచ్చితిమి. ఆతని విద్యను మాత్రము అడుగలేదు. అది ఆతని కులపు పని యంటిమి. తండ్రి కొడుకునకు చేతితో చూపెను, అంతే. చదివినవాడు ఉలి పట్టలేదు, ఉలి పట్టినవానికి చదువు చెప్పలేదు. పుస్తకము పుట్టుటకు ఈ యిద్దరును ఒక్కచోట కూర్చుండవలసియుండెను గదా!

ఫిన్లండులో ఊనో సిగ్నేయస్ 1866లోనే ప్రజాపాఠశాలలలో చేతిపనిని విధిపాఠముగా చేయించెను. స్వీడనులోని నేస్ ఎస్టేటున ఓటో సాలమన్ ఉపాధ్యాయులకు, స్త్రీలకును సహా, కొయ్యపని నేర్పెను. అచ్చట బాలునకు మొదట కత్తి నిచ్చెడివారు. మూలలు కలుపు పని మెట్టుమెట్టుగా తరువాత వచ్చెడిది. మనకు 1937లో వార్ధా సభ చేతిపని ద్వారా చదువన్న మాటను తెచ్చెను. పిల్లల తలిదండ్రులలో పెక్కురు దానిని గడుసుగా ఒప్పుకొని తమ పిల్లలను వేరు బడులకు పంపిరి.

పుస్తకము చదివి యూరకుండలేక మేమును ఆరు పలకలు తెచ్చితిమి. మూడు ఆదివారములు పట్టెను. మా వీధి వడ్రంగి వచ్చి, పెట్టెను బల్లపై నుంచి మూలను వ్రేలితో నొక్కగా అది టక్కుమని యూగెను. ఆయన నవ్వలేదు. "అయ్యా, మీ మూలమట్టము సరియైనదేనా? ముందు దానిని చూచితిరా?" అని యడిగెను. చూడలేదు. ఆ సంగతి పుస్తకమున నున్నదో లేదో మరల వెదకుచున్నాము. పెట్టెలో ప్రస్తుతము పాత యుత్తరములున్నవి. మూత ఒక ప్రక్క కొంచెము లేచియే యుండును.