వదినగారిపై మోపిన నేరం: ‘దేవదాసు’ చలనచిత్రానుసరణలో అప్రధాన పాత్రలు

శరత్ చంద్ర చట్టోపాధ్యాయ ‘దేవదాసు’ నవల 1917లో వెలువడింది. పార్వతీ దేవదాసుల వివాహాన్ని నిరాకరించినదెవరు అన్న ప్రశ్నకు ఆ నవలలో లభించే సమాధానం ఒక వ్యక్తి పేరు కాదు. పార్వతి నాయనమ్మ పెళ్ళిమాట ఎత్తుతుంది. దేవదాసు తల్లికి పార్వతి మీద వాత్సల్యమే గాని ద్వేషం లేదు. అయినా చక్రవర్తుల ఇల్లు ఆడపిల్లకు శుల్కం పుచ్చుకొనే ఇల్లు, పైగా పొరుగిల్లు. ఈ రెండు కారణాలూ చాలినవి. గురజాడ నాటకం చదివిన తెలుగు పాఠకులకు ఆ మొదటి కారణం బరువెంతో వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడ దుర్మార్గులు లేరు. ఆచారం ఉన్నది, దానిని ప్రశ్నించని మంచివారున్నారు.

సంజయ్ లీలా భన్సాలీ హిందీ చిత్రం (2002) ఈ స్థానంలో దేవదాసు వదిన కుముదను నిలిపింది. వివాహ నిరాకరణలో నవలలోని వదినకు ప్రమేయమే లేదు. చిత్రంలో అత్తగారి మనసు విరిచేది కుముదే. పార్వతి తల్లికి నిండుసభలో అవమానం జరిగేది కూడా కుముద సీమంతపు వేడుకలోనే. శుల్కం ప్రస్తావన చిత్రంలోనూ లేకపోలేదు. అయితే అది కుముద నోట ఆయుధమైనప్పుడు ప్రేక్షకుని ఆగ్రహం ఆచారం మీదికి పోక ఆమె మీదనే ఆగిపోతుంది. తెరకు కనబడే ప్రతినాయకత్వం కావాలన్న వాదం ఉన్నది. కాని తెలుగు ‘దేవదాసు’ (1953) దానికి తగిన సమాధానం. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో నిరాకరణ ఎస్.వి. రంగారావు ధరించిన తండ్రి పాత్ర ద్వారా, వంశప్రతిష్ఠ పేరిట వస్తుంది. వదిన కుట్ర లేకుండానే ఆ చిత్రం ప్రజాదరణ పొందింది. చున్నీలాల్‌ను భగవాన్‌గా మార్చి పేకేటి శివరాం చేత వేయించిన తీరు వేరే వ్యాసానికి తగిన విషయం.

మనోరమ సంగతి మరింత గమనింపదగినది. నవలలో పార్వతి అంతరంగం ఎరిగిన చెలికత్తె ఆమె. పార్వతి అత్తవారింటికి వెళ్ళిన తరువాత దేవదాసు పతనాన్ని ఉత్తరం ద్వారా తెలిపేదీ ఆమెయే. రహస్యం తెలిసినా దానిని బయటపెట్టదు. 2002 చిత్రంలో మనోరమ నామమాత్రంగా మిగిలింది. రహస్యం తెలిసిన ప్రధాన వ్యక్తి అక్కడ కాళీబాబు. పార్వతి భర్తకు అల్లుడు, నవలలో లేని పాత్ర. దుర్గాపూజనాడు అతిథుల ముందు చంద్రముఖి ఎవరో అతడు వెల్లడిస్తాడు. పార్వతి పూర్వప్రేమను మామగారి చెవిన వేస్తాడు. నవలలో పార్వతీ చంద్రముఖులు కలుసుకోనే కలుసుకోరు. కాబట్టి వారిద్దరినీ ఒకచోట చేర్చిన దర్శకునికి, ఆ కలయికను భంగపరచేందుకు ఇంకొక పాత్రను కల్పించవలసి వచ్చింది.