నల్లగుడ్డు మీది పొర – నూరేళ్ళు దాటిన కథ



1964లో నాకు పదేళ్ళు. కోతల రోజుల్లో మా నాయనమ్మ కంటికి వరి ఆకు కోసుకుంది. ఇంట్లో వాళ్ళు ఆకు పసరు పోశారు. కొద్దిరోజులకే నల్లగుడ్డు తెల్లబడి, చీము పట్టి, చివరకు చిల్లి పడింది. పట్నం తీసుకువెళితే ఆలస్యమైందని కన్ను తీసివేశారు. ఆ కంటికి మరో దారి ఉండేదా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. రిటైరయ్యాక చదివి తెలుసుకున్న సంగతులు మనవి చేస్తున్నాను.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పొరే కార్నియా. 1905 డిసెంబరు 7న మొరేవియాలోని ఓలోమోట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు, సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి, గాయం వల్ల తీసివేయవలసి వచ్చిన ఒక బాలుని కంటిలోని కార్నియాను రెండు కళ్ళకూ అమర్చారు. ఒక కన్ను నిలిచింది. మనిషి కార్నియాను మనిషికి అమర్చి విజయం సాధించడం అదే మొదలు. 1930లలో ఒడెస్సాలో ఫిలాటోవ్, మరణించిన వారి కార్నియా కూడా పనికివస్తుందని చూపించారు. 1944లో న్యూయార్కులో, 1945లో మద్రాసులో నేత్రనిధులు వెలిశాయి. అంటే మా నాయనమ్మ కన్ను పోయేనాటికే పొరుగు రాష్ట్రంలో నేత్రనిధి ఉందన్నమాట! అది చదివినప్పుడు మనసు కలుక్కుమంది.

చిల్లి చిన్నదైతే ప్రత్యేకమైన జిగురుతో మూస్తారు. మందులకు లొంగకుండా పుండు ముదిరితే, చెడిన భాగాన్ని గుండ్రంగా కోసి తీసి, దాత కార్నియాను వెంట్రుక కన్నా సన్నని నైలాను దారంతో కుడతారు. ఇక్కడ మొదటి లక్ష్యం చూపు కాదు, కన్ను నిలపడం. చూపు కోసం తరువాత మరో ఆపరేషను అవసరం కావచ్చు. చూపు తెప్పించేంత నాణ్యత లేని కార్నియా కూడా ఇటువంటి అత్యవసరంలో కంటిని కాపాడగలదు.

నాలుగేళ్ళ క్రితం నా శ్రీమతి కాలం చేసినప్పుడు కళ్ళు ఇద్దామన్నాను. వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందని బంధువులు అడ్డుచెప్పారు. నాకు నాయనమ్మ గుర్తుకువచ్చింది. మా కోడలు వెంటనే ఫోను చేసింది. ఆ కళ్ళు ఎవరికి అమర్చారో చెప్పరు, నేనూ అడగలేదు.

మిత్రులారా, కళ్ళజోడు, శుక్లాల ఆపరేషను, షుగరు, బి.పి. ఇవేవీ నేత్రదానానికి అడ్డు కావు. మరణించిన ఆరు గంటలలోపు కబురు అంది, కళ్ళు సేకరించాలి. రెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపాలి. మనం సంతకం చేసిన కార్డు ఒక్కటే చాలదు, ఆ సమయానికి మనవాళ్ళు ఒప్పుకోవాలి. కనుక ఈ మాట ఈ రోజే ఇంట్లో చెప్పి ఉంచండి. కంటికి ఆకు తగిలితే మాత్రం పసరు పోయకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.